బకెట్ సముద్రపు నీళ్లలో సీజియం గైగర్ కౌంటర్‌కి దొరుకుతుందా? శాస్త్రవేత్తలు అసలు ఎలా కొలుస్తారు?

కెరటం:

జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం నుంచి సముద్రంలోకి నీటి విడుదల వార్త వచ్చినప్పుడల్లా రెండు రకాల పోస్టులు తిరుగుతున్నాయి. ఒకటి, పసిఫిక్ మహాసముద్రం మొత్తం ఎరుపు, నారింజ, ఊదా రంగుల్లో మండిపోతున్నట్టు చూపే పటం. రెండోది, ఎవరో ఒడ్డున ఇసుక మీద గైగర్ కౌంటర్ (రేడియేషన్ తగిలితే టకటకమనే పరికరం) పెట్టి, అది టకటకమంటుంటే "ఇదిగో, ఇక్కడిదాకా వచ్చేసింది" అనే వీడియో. పరిశోధన పత్రాలు తెరిస్తే మాత్రం, రియాక్టర్లూ బాంబులూ పుట్టించే రేడియోధార్మిక సీజియం-137కి "ఘనమీటరుకు 1.5 బెకెరళ్లు" లాంటి అంకెలుంటాయి. అంటే వెయ్యి లీటర్ల నీళ్లలో సెకనుకు ఒకటిన్నర అణువులు విఘటనం చెందడం. అంత కొద్దిదాన్ని పట్టుకోవడం ఎలా సాధ్యం?

నా అనుమానాలు మూడు. బకెట్ నీళ్ల దగ్గర గైగర్ కౌంటర్ పెడితే ఏమైనా తెలుస్తుందా? తెలియకపోతే ప్రయోగశాలలో ఎన్ని లీటర్లు తీసుకుంటారు, ఏం కలుపుతారు, ఎంతసేపు లెక్కిస్తారు? దొరికిన సీజియం ఫుకుషిమాదో పాత బాంబు పరీక్షలదో ఎలా చెబుతారు? డిగ్రీ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ తెలుసు కాబట్టి వివరంగా రాసినా ఇబ్బంది లేదు.

బెకెరల్ బాబాయ్:

గైగర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఏమీ తెలియదు. ఎందుకో లెక్క చూడండి.

సముద్రపు నీళ్లలో కిలోకి సుమారు 0.4 గ్రాముల పొటాషియం ఉంటుంది. అందులో సహజంగా ఉండే పొటాషియం-40 వల్ల లీటరుకు దాదాపు 12 బెకెరళ్ల రేడియోధార్మికత ఎప్పుడూ ఉంటుంది. ఇది మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నదే. 20 లీటర్ల బకెట్‌లో పొటాషియం-40 సుమారు 240 బెకెరళ్లు. అదే బకెట్‌లో సీజియం-137, మీరు చెప్పిన 1.5 అంకె ప్రకారం, 0.03 బెకెరల్. ఎనిమిది వేల రెట్ల తేడా. గైగర్ గొట్టం ఏ కణం దేని నుంచి వచ్చిందో చెప్పదు, వచ్చిందని మాత్రమే చెబుతుంది. పైగా సీజియం ప్రధాన బీటా కణాలు నీళ్లలో రెండు మిల్లీమీటర్లు కూడా దాటలేవు. కాబట్టి గొట్టానికి కనిపించేది బకెట్ పైపొర ఒక్కటే. మిగతా లెక్కంతా కాస్మిక్ కిరణాలు, నేల, గోడలు, గాలిలో రాడాన్.

ఇసుక వీడియోల కథ వేరు. మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలను అలలు ఒకచోట పోగేస్తాయి. అవి నల్లగా చారలు కట్టి కనిపిస్తాయి. వాటిలో థోరియం, యురేనియం శ్రేణుల మూలకాలు ఉంటాయి. 2013 చివర్లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే దగ్గర తీసిన వీడియో ఇలాగే పాకింది. ఆరోగ్య శాఖ వాళ్లు వెళ్లి చూస్తే అక్కడ ఉన్నవి సహజ రేడియం, థోరియం. కౌంటర్ అబద్ధం చెప్పలేదు, చదివినవాళ్లే తప్పు చదివారు.

ఆ రంగుల పటం అసలు రేడియేషన్ పటమే కాదు. 2011 మార్చి 11 సునామీ అలల గరిష్ఠ ఎత్తు ఎక్కడెక్కడ ఎంతో చూపుతూ అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వేసిన పటం అది. పక్కనున్న స్కేలు సెంటీమీటర్లలో ఉంటుంది. చాలామంది దాన్ని కత్తిరించి పెడతారు.

ఇక అసలు కొలత. సీజియం-137 విఘటనం చెందితే నూటికి 85 సార్లు 661.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం వస్తుంది. జర్మేనియం డిటెక్టర్‌లో ఆ శక్తి దగ్గర సన్నని శిఖరం లేస్తుంది. మరి లీటరు నీళ్లు నేరుగా డిటెక్టర్ మీద పెడితే సరిపోదా? లీటరులో 0.0015 బెకెరల్. డిటెక్టర్ సామర్థ్యం 3 శాతం, అంటే వంద గామాల్లో మూడింటినే పట్టుకుంటుంది అనుకుంటే, రోజంతా లెక్కిస్తే 3 గుర్తులు (పట్టుబడిన గామాలు) వస్తాయి. ఇంకా ఘోరం ఏమిటంటే పొటాషియం-40 విడిచే 1461 గామాలు డిటెక్టర్‌లో చెదిరి, 1243 దాకా అన్ని శక్తుల్లోనూ గుర్తులు నింపేస్తాయి. మన 662 శిఖరం సరిగ్గా ఆ చెత్త మధ్యలో మునుగుతుంది.

అందుకే మొత్తం పనంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: పొటాషియాన్ని నీళ్లలోనే వదిలేసి, 20 లీటర్లలోని సీజియాన్ని చెంచాడు పొడిలోకి లాగడం. దానికి బాగా నిలబడిన పద్ధతి ఏఎంపీ, అంటే అమ్మోనియం ఫాస్ఫోమాలిబ్డేట్ అనే పసుపు పచ్చని పొడి. జపాన్‌లో ఆవోయామా, హిరోసే మెరుగుపరిచిన వరుస ఇది.

20 లీటర్ల నీటిని కచ్చితంగా కొలిచి తొట్టిలో పోయాలి. గాఢ నైట్రిక్ యాసిడ్ 40 మిల్లీలీటర్లు కలిపితే పీహెచ్ 1.6 దగ్గరికి వస్తుంది. 2.0 దాటనివ్వకూడదు. తర్వాత 0.26 గ్రాముల మామూలు, రేడియోధార్మికత లేని సీజియం క్లోరైడ్ కలిపి కొన్ని నిమిషాలు గాలి బుడగలతో కలియబెట్టాలి. అప్పుడు 4 గ్రాముల ఏఎంపీ పోసి గంటసేపు మళ్లీ గాలి వదలాలి. కదపకుండా ఆరు గంటల నుంచి ఒక రాత్రి దాకా ఉంచితే పసుపు పొడి అడుగుకి చేరుతుంది. 24 గంటలు మించనివ్వకూడదు. పైన తేరిన నీటిలో 50 మిల్లీలీటర్లు పక్కకి తీసి, అందులో సీజియం ఎంత మిగిలిందో తర్వాత చూడాలి. అడుగు పొడిని వడపోసి, ఒక మోలార్ నైట్రిక్ యాసిడ్‌తో కడిగి, గది ఉష్ణోగ్రతలోనే కొన్ని రోజులు ఆరబెట్టి, తూచి, 4 మిల్లీలీటర్ల చిన్న టెఫ్లాన్ గొట్టంలో కూరాలి. ఆ గొట్టం బావి ఆకారపు జర్మేనియం డిటెక్టర్ గుంతలోకి దిగుతుంది. చుట్టూ స్ఫటికమే కాబట్టి సామర్థ్యం బాగా పెరుగుతుంది.

మామూలు సీజియం ఎందుకు కలుపుతారా అని అనుమానం రావచ్చు. దిగుబడి కొలవడానికి మాత్రమే కాదు. ఆమ్ల ద్రావణంలో ఏఎంపీ కొంత కరిగిపోతుంది. దానికి సరితూగేంత సీజియం ఉంటేనే కరగని సమ్మేళనంగా మారి పూర్తిగా కిందికి దిగుతుంది. ఈ కిటుకు తెలిశాక బరువు దిగుబడి 95 శాతం దాటింది.

ఇప్పుడు పాత లెక్కే మళ్లీ. గొట్టంలో 0.03 బెకెరల్, సామర్థ్యం 10 శాతం అనుకుంటే రోజుకు దాదాపు 220 గుర్తులు. నేపథ్యం గంటకు ఒక గుర్తు ఉంటే రోజుకు 24. లాయిడ్ క్యూరీ సూత్రం ప్రకారం గుర్తించగల కనీసం, 2.71కి 24 వర్గమూలానికి 4.65 రెట్లు కలిపితే, 25 గుర్తుల చిల్లర. అంటే ఘనమీటరుకు 0.2 కంటే తక్కువ సీజియం కూడా కనిపిస్తుంది. మూడు రోజులు లెక్కిస్తే అనిశ్చితి నాలుగైదు శాతానికి దిగుతుంది. నేపథ్యం ఇంకా తగ్గాలంటే సీసం కవచం చాలదు, డిటెక్టర్‌ని భూగర్భానికి తీసుకెళ్లాలి. జపాన్‌లో ఓగోయా భూగర్భ ప్రయోగశాల ఈ పనికి వాడేదే.

వడపోత:

పై వివరణకు కొన్ని చేర్పులు, ముఖ్యంగా ఎక్కడ చెడుతుందో.

ఏఎంపీ అవక్షేపాన్ని మంచి నీళ్లతో కడగకండి. ఆమ్లం పోగానే పొడి చాలా సన్నని రేణువులుగా విడిపోయి వడపోత కాగితంలోంచి పసుపు నీళ్లలా జారిపోతుంది. క్షారం తగిలితే ఏకంగా కరిగిపోతుంది. బరువు దిగుబడి 100 దాటి 104, 106 వస్తే సంతోషించకండి. పొడి ఆరలేదని, లేదా ఉప్పు సరిగా కడగలేదని అర్థం. అందుకే బరువు ఒక్కదాన్నే నమ్మకుండా, పక్కకి తీసిన ఆ 50 మిల్లీలీటర్లలో మిగిలిన సీజియాన్ని కూడా కొలిచి సరిచూస్తారు. పొడిలోకి వచ్చినదీ నీళ్లలో మిగిలినదీ కలిపితే పోసినంత రావాలి.

రెండోది, కొన్న రసాయనాల్లోనే సీజియం-137 ఉండొచ్చు. 0.03 బెకెరల్ వెతికేవాడికి సీసాలోని మలినం పెద్ద విషయమే. ప్రతి కొత్త సీసాకి ఖాళీ పరీక్ష, అంటే నమూనా లేకుండా అదే వరుస మొత్తం చేసి లెక్కించడం, తప్పనిసరి.

ఓడ మీద గాఢ నైట్రిక్ యాసిడ్, పెద్ద తొట్లు పెట్టుకోవడం కష్టమనుకునేవాళ్లు రెజిన్ వాడతారు. పొటాషియం నికెల్ ఫెర్రోసయనైడ్‌ని పాలీఎక్రిలోనైట్రైల్ గుళికల్లో ఇమిడ్చినది. 5 మిల్లీలీటర్ల రెజిన్ ఉన్న చిన్న గొట్టంలోంచి 20 లీటర్లు, నిమిషానికి 35 మిల్లీలీటర్ల వేగంతో పంపితే తొమ్మిదిన్నర గంటలు పడుతుంది. ఆమ్లం కలపకపోయినా పట్టుకుంటుంది. ముందే ఒక మైక్రాన్ వడపోత పెట్టకపోతే నాచు, మట్టి వచ్చి గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు పంపు ఒత్తిడి పెరిగి నీరు గుళికల మధ్య దారి చేసుకుని సీజియం పట్టుబడకుండానే దాటిపోతుంది. తెలియడం ఎలా అంటే, ముందు కొంచెం మామూలు సీజియం (సీజియం-133) కలిపి, రెజిన్‌కి ముందూ తర్వాతా నీటిని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువులను బరువుని బట్టి వేరు చేసి లెక్కించే యంత్రంలో) చూడాలి. అమెరికాలోని వుడ్స్ హోల్ ప్రయోగశాల ఇలాంటి గొట్టాలతోనే, పసిఫిక్ తీరాల్లో వాలంటీర్లు నింపి పంపిన 20 లీటర్ల డబ్బాలను కొలిచింది.

చవకగా దొరికే సోడియం అయొడైడ్ స్పెక్ట్రోమీటర్లు (గామాల శక్తిని కొలిచే యంత్రాలు) కొనుక్కుని "నాకు సీజియం దొరికింది" అనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ స్ఫటికానికి 662 దగ్గర శిఖరం వెడల్పు సుమారు 7 శాతం, అంటే 46 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. సహజ బిస్మత్-214 గామా 609 దగ్గర ఉంటుంది. రాడాన్ ఉన్న ఏ గదిలోనైనా అది కనిపిస్తుంది. యంత్రం క్రమాంకనం (కాలిబ్రేషన్) వేడికి కాస్త జరిగిందంటే 609 శిఖరం 640 దగ్గర కూర్చుని సీజియంలా నటిస్తుంది. తోడుగా 352, 1120, 1764 దగ్గర కూడా శిఖరాలుంటే అది బిస్మత్, సీసం-214 కుటుంబమే. జర్మేనియం డిటెక్టర్‌లో శిఖరం వెడల్పు ఒకటిన్నర కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి ఈ గొడవ లేదు. అయినా అక్కడ కూడా బిస్మత్-214కే 665.5 దగ్గర ఒక బలహీన గీత ఉంది. మట్టి నమూనాల్లో దాన్ని విడదీసి తీసేయాల్సిందే.

కెరటం:

ఇద్దరికీ ధన్యవాదాలు అండి. ఇప్పుడు పద్ధతి అర్థమైంది. మూడో ప్రశ్న మిగిలింది, ఎవరిదో ఎలా తేలుస్తారు? ఇంకొకటి. ట్రిటియాన్ని, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్‌ని, ఏఎంపీ పట్టుకోదు కదా. ఇప్పుడు విడుదల చేస్తున్న నీళ్లలో ఎక్కువగా ఉన్నది అదే అంటున్నారు.

బెకెరల్ బాబాయ్:

వేలిముద్ర సీజియం-134. అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 2.06 ఏళ్లు. బాంబు పేలుడులో ఇది లెక్కలోకి వచ్చేంత పుట్టదు. కారణం చూడండి. విచ్ఛిత్తి ముక్కలు బీటా విఘటనాలతో మెట్లు ఎక్కుతూ వస్తే 134 ద్రవ్యరాశి దగ్గర స్థిరమైన జీనాన్-134 దగ్గరే ఆగిపోతాయి, సీజియం దాకా రావు. రియాక్టర్‌లో మాత్రం నెలల తరబడి ఇంధనం న్యూట్రాన్ల మధ్య ఉంటుంది కనుక స్థిర సీజియం-133 ఒక న్యూట్రాన్‌ని మింగి 134 అవుతుంది. కాబట్టి 134 ఉందంటే రియాక్టర్. చెర్నోబిల్‌లో 1986లో వచ్చినది 2011 నాటికి పన్నెండు అర్ధాయువులు దాటి నాలుగు వేలలో ఒక వంతుకు పడిపోయింది. అలా ఫుకుషిమా నాటికి పలక దాదాపు శుభ్రంగా ఉంది. 2011 మార్చిలో ఫుకుషిమా నుంచి వచ్చిన 134, 137 దాదాపు సమానం.

ఒక నిజమైన ఉదాహరణ. 2015 ఫిబ్రవరిలో కెనడా పశ్చిమ తీరంలోని యుక్లూలెట్ దగ్గర తీసిన నీటిలో ఘనమీటరుకు సీజియం-134 1.4, సీజియం-137 5.8 బెకెరళ్లు వచ్చాయి. ఉత్తర అమెరికా ఒడ్డున 134 దొరకడం అదే మొదటిసారి. ప్రమాదం జరిగి సుమారు 3.9 ఏళ్లు. 134ని వెనక్కి లెక్కిస్తే 3.7 రెట్లు, అంటే 2011 నాటి విలువ 5.2. అదే తేదీకి 137ని వెనక్కి తీసుకెళ్తే 6.3. నిష్పత్తి 1 కనుక 6.3లో 5.2 ఫుకుషిమాది. మిగిలిన 1.1 బాంబు పరీక్షల పాత బాకీ. 2011కి ముందు ఉత్తర పసిఫిక్‌లో 1 నుంచి 2 మధ్య ఉండేదని తెలుసు కాబట్టి లెక్క అతికినట్టు సరిపోయింది.

ఈ గడియారం ఇప్పుడు ఆగిపోవచ్చింది. 13 ఏళ్లకు 134 సుమారు 80వ వంతుకు తగ్గింది. రియాక్టర్ల పక్కన తప్ప నడిసముద్రంలో ఇక కనబడదు. ఇకపై పాత కొలతల శ్రేణితో పోల్చడం, ప్రవాహాల నమూనాలు, అయోడిన్-129 (అర్ధాయువు కోటీ 57 లక్షల ఏళ్లు), ప్లుటోనియం నిష్పత్తుల మీదే ఆధారపడాలి. ప్లుటోనియం 240, 239 అణువుల నిష్పత్తి ప్రపంచవ్యాప్త బాంబు ధూళిలో 0.18 దగ్గర ఉంటుంది. బికినీ, ఎనెవెటాక్ దీవుల పరీక్షల నుంచి వచ్చినదైతే 0.3 దాటుతుంది. ఈ రెండింటి ఆల్ఫా శక్తులు 5.16 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆల్ఫా స్పెక్ట్రోమీటర్ మొత్తం చెబుతుంది తప్ప నిష్పత్తి చెప్పదు, మాస్ స్పెక్ట్రోమీటర్ తప్పదు. అక్కడేమో యురేనియం-238కి ఒక హైడ్రోజన్ అంటుకుని 239లా నటిస్తుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు 3.3 మైక్రోగ్రాముల యురేనియం ఉంది మరి. దాన్ని ముందే బాగా వేరు చేయకపోతే లేని ప్లుటోనియం కనిపిస్తుంది.

వడపోత:

బాబాయ్ గారి 134 లెక్కకి ఒక హెచ్చరిక. ఆయనే చెప్పిన బావి ఆకారపు డిటెక్టర్‌లో సీజియం-134ని సూటిగా కొలిస్తే తక్కువ వస్తుంది. దాని 604.7, 795.9 గామాలు ఒకదాని వెంట ఒకటి, ఒకే క్షణంలో వస్తాయి. చుట్టూ స్ఫటికమే ఉంటే రెండూ కలిసి డిటెక్టర్‌లో పడి 1400 దగ్గర ఒకే గుర్తుగా నమోదవుతాయి. 605 శిఖరం నుంచి ఆ గుర్తు పోయినట్టే. నష్టం పదుల శాతాల్లో ఉంటుంది. 137కి ఒకటే గామా కనుక దానికి ఈ బాధ లేదు. అంటే సామర్థ్య వక్రరేఖని 137 లాంటి ఒంటి గామా మూలకాలతో గీసి 134కి వాడితే నిష్పత్తే తప్పుతుంది, దాంతో ఎవరి వాటా ఎంతన్నదీ తప్పుతుంది. అదే ఆకారం గొట్టంలో, అదే ఎత్తు పొడిలో తెలిసిన సీజియం-134 ప్రమాణంతో క్రమాంకనం చేయాలి. ఇంకోటి, థోరియం శ్రేణిలోని ఆక్టినియం-228కి 795 దగ్గరే ఒక గీత ఉంది. మట్టి, ఇసుకల్లో ఒక్క 796 చూసి "134 దొరికింది" అనకండి. 605 కూడా ఉండాలి, రెండింటి లెక్కా కలవాలి.

బెకెరల్ బాబాయ్:

నిజమే, అది రాయాల్సింది. చాలా పాత అంతర ప్రయోగశాల పోలికల్లో 134 ఫలితాలు చెదిరిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

ద్రవ దీపం:

ట్రిటియం ప్రశ్నకి నేను చెబుతాను.

ట్రిటియం నీటిలో నీరుగానే ఉంటుంది. హైడ్రోజన్ స్థానంలో కూర్చున్నదాన్ని ఏ రెజిన్ లాగగలదు? పైగా దాని బీటా గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, కాగితం కూడా దాటదు, గామా అసలే లేదు. అందుకని నీటిని మెరిసే ద్రవంలో కలిపి లోపలే మెరుపులు లెక్కిస్తారు. దీన్ని లిక్విడ్ సింటిలేషన్ అంటారు.

మొదటి పని స్వేదనం. ఉప్పుతో పాటు పొటాషియం-40, రంగు, సేంద్రియాలు అన్నీ వెనకే ఉండిపోవాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు, సగం దిగగానే మరిగించడం ఆపేయడం. మామూలు నీరు ట్రిటియం నీటి కంటే కొంచెం సులువుగా ఆవిరవుతుంది. మొదట వచ్చిన నీటిలో ట్రిటియం తక్కువ, చివర ఎక్కువ. దాదాపు ఎండేదాకా దించాలి.

తర్వాత 8 మిల్లీలీటర్ల నీరు, 12 మిల్లీలీటర్ల కాక్‌టెయిల్ (ఆ మెరిసే ద్రవం) 20 మిల్లీలీటర్ల సీసాలో కలిపి, కాంతి తగలకుండా కనీసం ఒక రాత్రి ఉంచాలి. వెలుతురు, సీసా రుద్దుకుని పుట్టిన స్థిర విద్యుత్తు కూడా మెరుపులుగా లెక్కకు వస్తాయి. కానీ అసలు ఇబ్బంది వేరు. సముద్రంలో ట్రిటియం లీటరుకు 0.1 బెకెరల్ అనుకుందాం. 8 మిల్లీలీటర్లలో 0.0008. సామర్థ్యం 25 శాతమైతే రోజుకు 17 గుర్తులు. మంచి యంత్రానికి కూడా నేపథ్యం నిమిషానికి ఒకటి ఉంటే రోజుకు 1440. మునిగిపోయినట్టే. కాబట్టి విద్యుద్విశ్లేషణతో చిక్కబరుస్తారు. స్వేదన జలం 500 మిల్లీలీటర్లకు కొంచెం సోడియం పెరాక్సైడ్ కలిపి, చల్లగా ఉంచిన సెల్‌లో రోజుల తరబడి విద్యుత్తు పంపి 20 మిల్లీలీటర్ల దాకా తగ్గిస్తారు. తేలిక హైడ్రోజన్ ముందు వాయువై పోతుంది, ట్రిటియం ఎక్కువ భాగం ద్రవంలో మిగులుతుంది. సుమారు 20 రెట్లు పెరుగుతుంది. స్వేదనం సరిగా చేయకుండా క్లోరైడ్ మిగిలితే ఇక్కడ క్లోరిన్ వచ్చి ఎలక్ట్రోడ్లు తినేస్తుంది. ప్రతి బ్యాచ్‌లో తెలిసిన ట్రిటియం ఉన్న సెల్ ఒకటి, ట్రిటియం లేని పాత భూగర్భ జలం ఉన్న సెల్ ఒకటి పెట్టకపోతే ఎంత చిక్కబడిందో చెప్పలేరు.

వార్తల్లో వచ్చే అంకెలకి ఈ తిప్పలు అక్కర్లేదు. 2023 ఆగస్టు 24న మొదలైన విడుదలలో, కలిపిన నీళ్లలో ట్రిటియం లీటరుకు 1,500 బెకెరళ్లు దాటకూడదు. ఏడాదికి మొత్తం 22 ట్రిలియన్ బెకెరళ్లు మించకూడదు. ఒడ్డుకు కిలోమీటరు దూరంలో సొరంగం చివర బయటికి వస్తుంది. చుట్టుపక్కల మూడు కిలోమీటర్లలో లీటరుకు 700 దాటితే ఆపాలి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 10,000. అందువల్ల అక్కడ రోజూ చేసే వేగవంతమైన పరీక్ష లీటరుకు 10 బెకెరళ్ల దాకా చూడగలిగితే చాలు, చిక్కబరచకుండానే త్వరగా ఫలితం వస్తుంది. "గుర్తించలేదు" అని పత్రికలో రాస్తే ట్రిటియం సున్నా అని కాదు, ఆ పరీక్షకి ఉన్న హద్దు కింద ఉందని అర్థం. హద్దు ఎంతో రాయని "గుర్తించలేదు"ని నేను లెక్కలోకి తీసుకోను.

స్ట్రాన్షియం-90 కూడా గామా లేనిదే. రసాయన శాస్త్రం అక్కడ ఇంకా కష్టం. నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల స్ట్రాన్షియం, దాని పక్కన 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, రెండిటి ప్రవర్తనా ఒకటే. తెలివైన దారి, స్ట్రాన్షియాన్ని వదిలేసి దాని పిల్ల యిట్రియం-90ని పట్టుకోవడం. అర్ధాయువు 64 గంటలు, బీటా శక్తి 2.28 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. నీటిలో ఇద్దరూ సమతుల్యంగానే ఉంటారు. తెలిసినంత స్థిర యిట్రియం కలిపి, ఇనుము హైడ్రాక్సైడ్‌తో అవక్షేపించి, రెజిన్‌లో శుద్ధి చేసి వెంటనే లెక్కించాలి. వేరు చేసిన గంట, నిమిషం రాసుకోవడం మరవకూడదు, ప్రతి 64 గంటలకూ సగం పోతుంది. తర్వాత వారం పది రోజులు అదే నమూనాని మళ్లీ మళ్లీ లెక్కిస్తే 64 గంటల చొప్పున తగ్గాలి. అలా తగ్గకుండా ఒకచోట నిలబడితే ఇంకేదో కలిసింది.

మొత్తం బీటా కొలత అని ఒకటి ఉంటుంది, తాగునీటికి పనికొస్తుంది. సముద్రపు నీటికి దాదాపు వృథా. పొటాషియం 12 బెకెరళ్లని కొలిచి పెడుతుంది, అంతే.

కెరటం:

చేపల సంగతి కూడా ఒక మాట చెప్పండి. నీళ్లలో అంత తక్కువుంటే 2023లో 18,000 బెకెరళ్ల చేప ఎలా దొరికింది?

అడుగుమట్టి:

ఆ చేప ఫుకుషిమా కేంద్రం రేవు లోపల, 2023 మేలో పట్టిన బ్లాక్ రాక్‌ఫిష్. కిలోకి 18,000, జపాన్ పరిమితి 100కి 180 రెట్లు. నడిసముద్రపు చేపతో దాన్ని కలపకూడదు. సముద్ర చేపల్లో సీజియం గాఢత నీటికంటే సుమారు 100 రెట్లుంటుందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సిఫారసు చేసిన విలువ. స్ట్రాన్షియానికి 3, ట్రిటియానికి 1. నీరు ఘనమీటరుకు 1.5 అయితే లీటరుకు 0.0015, చేపలో కిలోకి 0.15 బెకెరల్. 18,000 రావాలంటే నీటితో పని కాదు, తిండితోనే అవుతుంది. రేవు అడుగు బురదలో సీజియం బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుని ఏళ్ల తరబడి ఉంటుంది. బురదలోని పురుగులు, వాటిని తినే చిన్న జీవులు, వాటిని తినే రాక్‌ఫిష్. పైగా అది రాళ్లని పట్టుకుని ఒకచోటే ఉండే చేప. అందుకే రేవు మూతికి వలలు కట్టారు.

2011 ఏప్రిల్ 6న ఆ కేంద్రం కాలువ దగ్గర నీటిలో సీజియం-137 ఘనమీటరుకు 6.8 కోట్ల బెకెరళ్లు. నెలలోనే వెయ్యో వంతుకు తగ్గింది. ప్రవాహం నీటిని మోసుకుపోయింది, బురదని మోసుకుపోలేదు. ఇంకో దాగిన చోటు, ఒడ్డు ఇసుక కింది ఉప్పటి భూగర్భ జలం. కేంద్రానికి పదుల కిలోమీటర్ల దూరంలో ఒక తీరాన ఘనమీటరుకు 23,000 దాకా కొలిచారు. మంచినీటిలో సీజియం ఇసుకకి అతుక్కుంటుంది, ఉప్పు తగిలితే పొటాషియం, సోడియం పోటీపడి దాన్ని వదిలించేస్తాయి. ఆ నీరు ఎవరూ తాగరు కానీ సముద్రంలోకి నెమ్మదిగా ఊరుతూనే ఉంటుంది.

అడుగుమట్టి తీసేటప్పుడు దవడలతో కరిచే గ్రాబ్ వాడితే పైకి లాగేలోపు అసలు పనికొచ్చే పైపొర కొట్టుకుపోతుంది. గొట్టాలు నెమ్మదిగా దిగే మల్టీకోరర్ కావాలి. పైకి వచ్చాక మట్టి పైనున్న నీళ్లు తేటగా ఉంటేనే ఆ గొట్టం పనికొస్తుంది, మురిగ్గా ఉంటే పడేసి మళ్లీ దించాలి. సెంటీమీటరు చొప్పున కోసి, గొట్టం గోడకి రుద్దుకున్న అంచు చెక్కేయాలి. లేకపోతే పైపొర సీజియం కింది పొరలకి పూసినట్టవుతుంది. ఫ్రీజ్ డ్రైయర్‌లో ఆరబెట్టాక మిగిలిన ఉప్పు బరువు తీసేసి, పొడి బరువుకే లెక్క చెప్పాలి. తడి కిలో, పొడి కిలో కలిపి పోల్చిన పట్టికలు కోకొల్లలు.

చేపనైతే కండ, ఎముక వేరు చేయాలి. సీజియం కండలో, స్ట్రాన్షియం ఎముకలో. గుర్తింపు హద్దు తగ్గించడానికి కండని బూడిద చేస్తారు. కొలిమి 450 డిగ్రీలు దాటితే సీజియం కొంత ఆవిరై పోతుంది, ఫలితం తక్కువొచ్చి అందరికీ నచ్చుతుంది!

ఇక నీళ్లు పట్టడం. నిస్కిన్ సీసాల (కావలసిన లోతులో మూసుకుని నీళ్లు తెచ్చే గొట్టాల) నుంచి పట్టేటప్పుడు డబ్బాని అదే నీటితో మూడుసార్లు తొలవాలి. ప్లుటోనియానికైతే వెంటనే ఆమ్లం కలపాలి, లేకపోతే డబ్బా గోడకి అంటుకుపోతుంది. అయోడిన్‌కి ఆమ్లం కలిపితే అది వాయువై ఎగిరిపోతుంది. ట్రిటియానికి ఏమీ కలపకూడదు, గాలి లేకుండా మూతదాకా నింపాలి, పట్టేవాళ్ల చేతికి ట్రిటియంతో వెలిగే గడియారం ఉండకూడదు. కాబట్టి ఒకే డబ్బా నుంచి అన్నీ కొలుద్దామంటే కుదరదు. ప్రతి డబ్బా మీద తేదీ, సమయం, లోతు, అక్షాంశ రేఖాంశాలతో పాటు ఉప్పదనం రాయాలి. ఉప్పదనం లేకపోతే ఒడ్డు దగ్గర నది నీళ్లు కలిసి పలచబడిందా, నిజంగానే సీజియం తగ్గిందా అని తర్వాత ఎవరూ చెప్పలేరు. ఫలితం రాసేటప్పుడు ఏ తేదీకి సరిచేసిన విలువో, ఘనమీటరుకో లీటరుకో తప్పక రాయండి. మొనాకోలోని అణుశక్తి సంస్థ సముద్ర ప్రయోగశాల పంపే ఐరిష్ సముద్రపు ప్రమాణ జలం, ఐఏఈఏ-443, ఏడాదికోసారైనా తమ పద్ధతిలో కొలిచి చూసుకోని ప్రయోగశాల అంకెలని నేనైతే పటం మీద పెట్టను.